తీర్పు మీ చేతిలో, డబ్బు బిల్డరు చేతిలో

నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె భర్త ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యారు. ఆ డబ్బుకు పొదలకూరు దగ్గర అమ్మిన కొద్దిపాటి పొలం డబ్బు కలిపి, వేదాయపాళెంలో కడతామన్న అపార్ట్‌మెంటులో ఒక ఫ్లాటు కోసం 2019, 2020 సంవత్సరాల్లో విడతలుగా 24 లక్షల రూపాయలు కట్టారు. మొత్తం ధర 38 లక్షలు. రెండు శ్లాబులు పడ్డాక పని ఆగిపోయింది. బిల్డరు పరాయివాడు కాదు, ఆడపడుచు కోడలికి మేనమామ. భార్య, బావమరిది భాగస్వాములుగా ఉన్న ఫర్మ్ పేరుతో వ్యాపారం చేస్తారు. చుట్టరికం కదా అని రెండేళ్లు ఆగి, 2022లో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశారు. పోయిన ఏడాది జూన్‌లో తీర్పు వచ్చింది: 24 లక్షలు వాపసు, ప్రతి విడతకూ కట్టిన తేదీ నుంచి 9 శాతం వడ్డీ, మనోవేదనకు లక్ష, ఖర్చులకు పదివేలు, అన్నీ 45 రోజుల్లో ఇవ్వాలని.

ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. పైసా రాలేదు. అడిగితే ఆయన ఒకసారి విజయవాడలో అప్పీలు వేశామని, స్టే కూడా ఉందని అన్నారట. మరోసారి, గట్టిగా పట్టుబడితే ఐపీ (దివాలా పిటిషన్) పెడతానన్నారట. ఈ మధ్య పెద్దమనుషుల ద్వారా కబురు చేశారు: 20 లక్షలు పది చెక్కులుగా తీసుకోండి, లేదంటే ముత్తుకూరు రోడ్డు వైపు 30 అంకణాల ప్లాటు రాసిస్తాను, తీర్పు సంగతి మర్చిపోండి అని. ఈలోగా మాగుంట లేఔటులోని ఇల్లు భార్య పేరుకు మార్చేశారని తెలిసింది. వకీలేమో 72 సెక్షన్ కింద వేస్తే జైలుకు పోతారు, దారికొస్తారు అంటున్నారు. భర్త మాత్రం, "మన చేతులతో ఆయన్ను జైలుకు పంపితే అక్క ఇంటి గడప తొక్కలేను" అంటూ అన్నం కూడా సరిగా తినడం లేదట. "గెలిచిన తర్వాత కూడా మేమే తిరగాలా? ఏది ఒప్పుకోవాలి, ఏది కాదనాలి?" అని అడిగారు.

అమ్మా,

తిరగాల్సింది మీరే. ఇది అన్యాయంగానే ఉంటుంది, నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ కమిషన్ తీర్పు ఇచ్చి ఊరుకుంటుంది. తీర్పు అమలు కాలేదని మీరు మళ్లీ వెళ్లి చెప్పేదాకా దాని దృష్టిలో ఆ కేసు ముగిసిపోయినట్టే. బిల్డర్లకు ఈ సంగతి బాగా తెలుసు. తీర్పు వచ్చిన చాలామంది అలసిపోయి, సగానికో పావలాకో రాజీపడతారని వాళ్ల లెక్క. మీకు వచ్చిన కబురు ఆ లెక్కలోదే.

ముందుగా మీకు రావలసింది ఎంతో కాగితం మీద వేయండి. 24 లక్షలకు 9 శాతం అంటే ఏడాదికి 2,16,000, నెలకు 18 వేలు. ఆరేళ్ల వడ్డీయే 12,96,000 అవుతుంది. విడతల తేదీలను బట్టి కొంచెం అటూ ఇటూ కావచ్చు గానీ, అసలు, వడ్డీ, పరిహారం అన్నీ కలిపితే 38 లక్షల దగ్గర తేలుతుంది. అంటే ఆయన పెద్ద మనసుతో ఇస్తానంటున్న 20 లక్షలు మీరు కట్టిన అసలు కన్నా నాలుగు లక్షలు తక్కువ. ఈ కాగితం మీ భర్త గారికి కూడా చూపించండి. పెద్దమనుషులు మళ్లీ వస్తే వాళ్లకూ చూపించండి.

ఇక దారుల సంగతి. మీ కేసు 2022లో వేసింది కాబట్టి 2020 జూలై 20న అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమే వర్తిస్తుంది. అందులో 71వ సెక్షన్ ప్రకారం కమిషన్ ఉత్తర్వును సివిల్ కోర్టు డిక్రీలాగే అమలు చేయవచ్చు. ఆస్తి జప్తు, బ్యాంకు ఖాతా జప్తు, వేలం, ఇవన్నీ దాని కింద వస్తాయి. మనవాళ్లు ఈపీ (అమలు పిటిషన్) వేయడం అనేది ఇదే. (పాత చట్టం కింద తీర్పులు ఉన్నవారు కూడా దిగులు పడనక్కర్లేదు. 2003 మార్చి 15 నుంచి 2020 జూలై 20 వరకు చట్టంలో ఉన్న లోటు వల్ల తుది ఉత్తర్వుల అమలుకు అడ్డు లేదని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది.) రెండోది మీ వకీలు చెప్పిన 72వ సెక్షన్. ఉత్తర్వు పాటించనందుకు శిక్ష వేసేది. నెలకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, లేదా 25 వేలకు తగ్గకుండా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. దీనికోసం కమిషన్‌కు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు అధికారాలు ఉంటాయి.

మీ వకీలు చెప్పింది తప్పు కాదు. అయితే 72 ఒక్కటే వేస్తే జరిగే నష్టమేమిటో మీకు చెప్పి ఉండరు. ఆ సెక్షన్‌లో "లేదా" అనే మాట ఉంది. వాదనలన్నీ అయ్యాక కమిషన్ 25 వేల జరిమానాతో సరిపెట్టవచ్చు. ఆ 25 వేలు ప్రభుత్వానికి వెళ్తాయి, మీకు కాదు. ఆయన దాని మీద రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు కూడా. అన్నిటికన్నా ముఖ్యం, సమన్లు అందిన రోజే ఆయన మేలుకుంటారు. మిగిలిన ఆస్తులు కూడా చేతులు మారతాయి. రేపు జైలుకు వెళ్లొచ్చినా బాకీ బాకీగానే ఉంటుంది, వసూలు చేయడానికి మాత్రం ఏమీ మిగలదు.

అందుకే నా సలహా వరస తిప్పమని. ముందు ఈపీ, ఆస్తుల మీద జప్తు. అది పడ్డాక 72. రెండూ వేయడానికి చట్టంలో అడ్డు లేదు.

ఇక్కడ మీకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో డిక్రీల అమలు గురించి చెప్పే 21వ ఆర్డరు మీ ఈపీకి వర్తిస్తుంది. దాని 22వ రూలు ప్రకారం తీర్పు తేదీ నుంచి రెండేళ్లు దాటాక ఈపీ వేస్తే ముందుగా అవతలివారికి నోటీసు ఇవ్వాలి. రెండేళ్ల లోపు వేస్తే ఆ నోటీసు తప్పనిసరి కాదు, నేరుగా జప్తు అడగవచ్చు. మీది పోయిన ఏడాది జూన్ తీర్పు. ఇంకా ఆ గడువులోనే ఉన్నారు. పెద్దమనుషుల మాటల్లో అది కరిగిపోనివ్వకండి. "ఇంకో రెండు నెలలు ఆగండి" అనే మాట వెనుక ఎప్పుడూ దురాలోచనే ఉంటుందని అనను, కానీ ఇక్కడ రెండు నెలల ఖరీదు ఎవరు చెల్లిస్తారో చూడండి.

జప్తు చేయమని అడగాలంటే ఏ ఆస్తి అని మీరే చెప్పాలి. సర్వే నంబరు, హద్దులు, వాటిలో ఆయన వాటా ఎంతో ఈపీ షెడ్యూలులో రాయాలి. అమీనా (కోర్టు ఉత్తర్వులు అమలు చేసే ఉద్యోగి) వెళ్లి ఆయన ఆస్తులు వెతకడు, మీరు చూపించిన దానికే కాగితం అంటిస్తాడు. అసలు కష్టమంతా ఇక్కడే. కేసు గెలవడానికి రసీదులు చాలు, డబ్బు రావాలంటే ఆయన ఆస్తుల చిట్టా కావాలి. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీలు (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లు) తీయించండి: మాగుంట లేఔటు ఇంటికి, ముత్తుకూరు రోడ్డు ప్లాటుకు, ఆయన సొంత ఊరిలోని పొలానికి. సొంత ఊరిని చాలామంది మర్చిపోతారు. పట్నంలో అన్నీ భార్య పేర్లకు మార్చినవారికి కూడా ఊరిలో తాత ఆస్తిలో పంచని వాటా ఉంటుంది, దాని జోలికి వెళ్లి ఉండరు. చుట్టాలు కాబట్టి ఆ సంగతులు మీ ఆడపడుచు ఇంట్లో ఎవరికో తెలిసే ఉంటాయి. చుట్టరికం వల్ల మీకు ఇంతదాకా నష్టమే జరిగింది, ఈ ఒక్క పనికైనా దాన్ని ఉపయోగపడనివ్వండి.

ప్లాటు సంగతి తమాషాగా ఉంది. 30 అంకణాలు రాసిస్తానన్నారంటే తన పేరుతో లేదా ఫర్మ్ పేరుతో ఒక ఆస్తి ఉందని ఆయనే మీకు చెప్పినట్టు. ఈసీలో అది నిజమని తేలితే మీ షెడ్యూలులో మొదటి వరసలో రాయవలసింది దాన్నే. ఆ ప్లాటును మీరు తీసుకోవడం మాత్రం నాకు ఇష్టం లేదు. ధర ఆయన చెప్పిందే అవుతుంది, లేఔటుకు నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందో లేదో చూసుకోవాలి, లింకు దస్తావేజులు చూసుకోవాలి, తర్వాత కొనేవాణ్ని వెతుక్కోవలసిందీ మీరే. అంత మంచి ప్లాటయితే ఆయనే అమ్మి మీకు డబ్బు ఇవ్వవచ్చు కదా. మీకు అక్కడ ఇల్లు కట్టుకునే ఆలోచన నిజంగా ఉంటే అది వేరే సంగతి. అప్పుడు కూడా దాని విలువ ఎంతో కట్టి, ఆ మేరకే బాకీ తగ్గించాలి గాని మొత్తం తీర్పుకు చెల్లు పెట్టకూడదు.

ఆగిపోయిన అపార్ట్‌మెంటు స్థలం మీద ఆశ పెట్టుకునే ముందు డెవలప్‌మెంటు అగ్రిమెంటు నకలు తీయించండి. మన దగ్గర చాలా అపార్ట్‌మెంట్లలో స్థలం వేరేవాళ్లది, బిల్డరుది వాటా మాత్రమే. స్థలం మొత్తాన్ని జప్తుకు పెడితే యజమానులు క్లెయిము పిటిషన్ వేస్తారు, దాని విచారణ ఒక కేసంత సాగుతుంది. ఆయన వాటాకు వచ్చిన ఫ్లాట్లనే చూపించండి. బ్యాంకులో తాకట్టు ఉంటే బ్యాంకు తీసుకోగా మిగిలిందే మీకు. ఆయన ఇప్పుడు వేరేచోట కొత్త ప్రాజెక్టు కడుతుంటే, అది 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గాని ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గాని ఉంటే రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదై ఉండాలి. అమ్ముడుకాని ఫ్లాట్లెన్నో అక్కడ ఎవరైనా చూడవచ్చు. వాటి మీదా జప్తు అడగవచ్చు.

ఇవన్నీ చేసినా చిట్టా పూర్తి కాకపోతే అదే 21వ ఆర్డరులో 41వ రూలు ఉంది. నీ ఆస్తులేమిటో ప్రమాణపత్రం దాఖలు చెయ్యమని కమిషన్ ఆయన్నే ఆదేశించవచ్చు. దాఖలు చేయకపోతే మూడు నెలల దాకా సివిల్ జైలు. బ్యాంకు ఖాతాల వివరాలు ఎక్కువగా ఈ దారిలోనే బయటికి వస్తాయి. మీరిచ్చిన చెక్కులు ఆయన ఏ ఖాతాలో వేసుకున్నారో మీ బ్యాంకు స్టేట్‌మెంటును బట్టి తెలియవచ్చు, అదీ తీసి పెట్టుకోండి. జప్తు ఉత్తర్వు వచ్చిన రోజే దాని నకలు సబ్‌రిజిస్ట్రారుకు చేరేలా చూడండి. జప్తు తర్వాత ఆయన ఎవరికి అమ్మినా మీ బాకీకి వ్యతిరేకంగా ఆ అమ్మకం చెల్లదు.

భార్య పేరుకు మారిన ఇంటి గురించి. ఈసీలో తేదీ చూడండి. మీ కేసు నడుస్తుండగానో తీర్పు తర్వాతో దాన సెటిల్‌మెంటుగా రాసి ఉంటే, అప్పులిచ్చినవాళ్లకు ఎగ్గొట్టడానికి చేసిన బదిలీ అని ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ కింద దాన్ని ప్రశ్నించవచ్చు. అది సివిల్ కోర్టులో దావా, కాలం పడుతుంది. ఇంతకన్నా దగ్గరి దారి ఉంది. ఆమె ఆ ఫర్మ్‌లో భాగస్వామి అన్నారు. ఫర్మ్ బాకీకి ప్రతి భాగస్వామీ సొంతంగా కూడా బాధ్యులే. తీర్పులో ఫర్మ్, మేనేజింగ్ పార్టనర్ పేర్లు మాత్రమే ఉన్నాయి కాబట్టి ఆమె సొంత ఆస్తి మీదికి నేరుగా వెళ్లలేరు. 21వ ఆర్డరులోని 50వ రూలు కింద కమిషన్ అనుమతి కోరాలి, ఆమె భాగస్వామి కాదంటే దాని మీద విచారణ జరుగుతుంది. రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నుంచి ఫర్మ్ రిజిస్టరు నకలు తెప్పించుకోండి. కేసు వేసే నాటికి, మీరు డబ్బు కట్టే నాటికి అందులో ఆమె పేరుంటే, ఇంటిని ఆమె పేరుకు మార్చి ఆయన సాధించింది చాలా తక్కువ. బావమరిదికీ ఇదే వర్తిస్తుంది.

స్టే మాట నేను నమ్మను. జిల్లా కమిషన్ తీర్పు మీద అప్పీలుకు 45 రోజులే గడువు. కట్టమన్న మొత్తంలో సగం జమ చేస్తే గాని రాష్ట్ర కమిషన్ ఆ అప్పీలును తీసుకోదు. నిజంగా అప్పీలు వేసి ఉంటే మీ డబ్బులో సగం ఇప్పటికే విజయవాడలో ఉందన్నమాట, సంతోషమే. వినియోగదారుల కమిషన్ల కేసులుండే ఈ-జాగృతి పోర్టల్లో మీ వకీలు వెతికితే తేలిపోతుంది. అప్పీలు పెండింగులో ఉన్నంత మాత్రాన అమలు ఆగదు, స్టే ఉత్తర్వు కాగితం చూపించాలి.

ఐపీ బెదిరింపుకు మన జిల్లాల్లో పాత చరిత్ర ఉంది, దాని పేరు వింటేనే అప్పులిచ్చినవాళ్లు బేరానికి దిగుతారు. అది నిజంగా జరిగితే నష్టమే, కాదనను. ఆయన దివాలాదారుగా తేలితే ఆస్తులన్నీ రిసీవరు చేతికి వెళ్తాయి, మీరు అందరితో పాటు వరసలో నిలబడాలి. కాని ఆయనకూ అది సుఖం కాదు. అన్ని ఆస్తులూ, అన్ని అప్పులూ కోర్టుకు చెప్పాలి. అంతకుముందు రెండేళ్లలో ఉత్తినే రాసిచ్చిన ఆస్తుల్ని కోర్టు రద్దు చేయవచ్చు, భార్య పేరుకు మార్చిన ఇల్లు అప్పుడు ముందు బయటపడేది. ఇంకో అపార్ట్‌మెంటు కట్టుకోవాలనుకునే మనిషి ఆ పని తేలిగ్గా చేయడు. ఐపీ భయం ఉంటే మీరు తొందరపడాలి తప్ప తగ్గకూడదు. అది దాఖలయ్యే లోపు వసూలైన డబ్బు మీకు దక్కుతుంది, ఆ తర్వాత వచ్చేది అందరి వాటా.

ఇప్పుడు రాజీ. నేను రాజీకి వ్యతిరేకిని కాను. వేలం దాకా వెళ్లే ఈపీ ఏళ్లు పట్టవచ్చు, మీ వయసు, మీ భర్త గారి ఆరోగ్యం చూసుకోవాలి. కొంత వడ్డీ వదులుకుని అసలు త్వరగా తెచ్చుకోవడం తెలివితక్కువ పని కాదు. నేను మీ స్థానంలో ఉంటే 24 లక్షలకు దిగువన మాట్లాడను, ఆ పైన వడ్డీలో ఎంత వదులుకోవాలో ఇంట్లో కూర్చుని ముందే నిర్ణయించుకుంటాను. కానీ ఈపీ వేయకముందు రాజీ మాట్లాడితే ఆయన ధర ఆయన చెబుతారు, జప్తు పడ్డాక మాట్లాడితే ధర మీరు చెప్పవచ్చు.

రాజీ కుదిరితే అది కమిషన్ ముందు మెమోగా దాఖలై రికార్డు కావాలి. ఒక్క వాయిదా తప్పినా తీర్పులోని మొత్తం, వడ్డీతో సహా, మళ్లీ వసూలు చేసుకోవచ్చునని అందులో రాయించండి. మొదటి విడత కనీసం సగమైనా డిమాండు డ్రాఫ్టుగా అక్కడే తీసుకోండి. పది చెక్కులు తీసుకుంటే ఒక్కొక్కటి బౌన్సయినప్పుడల్లా 30 రోజుల్లో నోటీసు, 15 రోజుల గడువు, ఆపై నెలలోపు కేసు. పది చెక్కులకు పది కేసులు. ఆ చెక్కులు ఆయన ఖాతావైతే ఇంకా సందేహం. ఎవరింట్లోనో కూర్చుని "పూర్తిగా ముట్టింది" అనే కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి, నగదు తీసుకోకండి. ఏదైనా కొంత మొత్తం ఇస్తే అది వడ్డీకి జమ అని రాసి రసీదు ఇవ్వండి. సాధారణంగా లెక్క ముందు ఖర్చులకు, వడ్డీకి పోయి, తర్వాతే అసలుకు వస్తుంది.

మీ భర్త గారికి నా మాటగా చెప్పండి. ఈపీ వేయడం అంటే ఎవరినీ జైలుకు పంపడం కాదు, ఆస్తి మీద కాగితం అంటించడం. 72 వేసినా మొదటి రోజే సంకెళ్లు పడవు. సమన్లు వెళ్తాయి, ఆయన వకీలు ద్వారా వచ్చి బెయిలు తీసుకుంటారు, రాకుంటే వారంటు. ప్రతి వాయిదాకూ డబ్బు కట్టి బయటపడే అవకాశం ఆయన చేతిలోనే ఉంటుంది. జైలు తాళం మీ దగ్గర లేదు, ఆయన దగ్గరే ఉంది. అయినా మీ భర్త గారి మనసు ఒప్పకపోతే బలవంతం చేయకండి. ఈపీతో ఆగి, 72ను ఆర్నెల్ల తర్వాత చూడవచ్చు. కొంచెం నెమ్మదిస్తుంది, కొన్ని ఆస్తులు జారిపోయే అవకాశం ఉంటుంది, కానీ ఇంట్లో మనిషి నిద్ర పోవడం కూడా లెక్కలో వేయాలి. సివిల్ జైలు అడిగే దారి కూడా ఒకటి ఉంది, అందులో ఆ బిల్డరు భోజనం ఖర్చు మీరే కట్టాలి. మీకు దాన్ని సిఫార్సు చేయను. పైగా డబ్బు డిక్రీకి ఆడవారిని అరెస్టు చేయకూడదు కాబట్టి ఆయన భార్య విషయంలో అది అసలే వర్తించదు.

మీ ఆడపడుచుకు ఈ విషయం మూడోవారి నోట తెలియక ముందే మీ భర్త గారే వెళ్లి చెప్పడం మంచిది. "అక్కా, ఆయన ఇస్తానన్నది అసలు కూడా కాదు, అందుకే కోర్టు ద్వారా అడుగుతున్నాను" అని రెండు ముక్కలు. ఆస్తుల జాబితా మాత్రం అక్కడ చెప్పవద్దు, ఎప్పుడు వేస్తున్నారో కూడా చెప్పవద్దు.

వకీలు దగ్గరికి వెళ్లేటప్పుడు తీర్పు సర్టిఫైడ్ కాపీ, రసీదులు, ఈసీలు, ఫర్మ్ రిజిస్టరు నకలు, వడ్డీ లెక్క తీసుకెళ్లండి. డబ్బు కమిషన్ ఖాతాలో జమ అయితే అది దానంతటదే మీకు రాదు, తీసుకోవడానికి మరో చిన్న పిటిషన్, పాస్‌బుక్ నకలు కావాలి. బాకీ పూర్తిగా తీరిందన్న మెమో మీద ఆ డబ్బు మీ ఖాతాలో పడ్డ తర్వాతే సంతకం చేయండి.